సొంత కారులో కంపెనీ పని: మైలేజీ డబ్బు ఎప్పుడు మనది, ఎప్పుడు పన్నుది

అమెరికాలో ఉద్యోగం చేస్తూ సొంత కారులో కంపెనీ పని మీద తిరిగేవాళ్లకు ఆ ఖర్చు రాబట్టుకునే దారి ఇప్పుడు ఒక్కటే మిగిలింది: కంపెనీయే ఇవ్వాలి. 2017 వరకు రెండో దారి కూడా ఉండేది. కంపెనీ ఇవ్వకపోతే ఫారం 2106 నింపి, ఆదాయంలో 2 శాతం దాటిన ఖర్చును టాక్స్ రిటర్నులో తగ్గించుకునేవాళ్లు. 2018లో ఆ వెసులుబాటు ఆగిపోయింది. 2025 ముగిశాక మళ్లీ వస్తుందని చాలామంది ఎదురుచూశారు గానీ, 2025 జూలైలో వచ్చిన పన్ను చట్టం ఆ తలుపు శాశ్వతంగా మూసేసింది. సైన్యంలోని రిజర్విస్టుల్లాంటి కొద్దిమందికి తప్ప, డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) మీద పనిచేసేవాళ్లకు ఫెడరల్ రిటర్నులో ఇక ఆ గీత లేదు. "ఇవ్వకపోతే పోనీ, టాక్సుల్లో చూసుకుందాం" అనే పాత మాట ఇంకా చాలామంది నోట వినబడుతోంది. అది ఇప్పుడు చెల్లదు.

ముందు ఒక పదం గురించి. మన ఊళ్లో మైలేజీ అంటే బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని. ఇక్కడి ఆఫీసుల్లో మైలేజీ అంటే పని మీద తిరిగిన మైళ్లు, వాటికి వచ్చే డబ్బు. ఈ వ్యాసంలో రెండో అర్థమే తీసుకోండి.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఏటా మైలుకు ఒక రేటు ప్రకటిస్తుంది. 2023లో 65.5 సెంట్లు, 2024లో 67, 2025లో 70, 2026లో 72.5 సెంట్లు. ఈ రేటు గురించి రెండు అపోహలు బాగా పాతుకుపోయాయి. మొదటిది, కంపెనీ ఈ రేటే ఇచ్చి తీరాలని. అలాంటి ఫెడరల్ చట్టం ఏదీ లేదు. మైలుకు 40 సెంట్లు ఇచ్చినా, అసలేమీ ఇవ్వకపోయినా, రాష్ట్ర చట్టమో కనీస వేతన చట్టమో అడ్డురాకపోతే కంపెనీని అడిగేవాళ్లు లేరు. ఐఆర్ఎస్ రేటు చెప్పేది, మైలుకు ఇంతవరకు ఇస్తే పన్ను అడగం అనే హద్దు మాత్రమే. రెండో అపోహ ఇంకా ఖరీదైనది: గ్యాస్, అంటే పెట్రోలు, బిల్లు ఇస్తే లెక్క తీరిపోయినట్టేనని.

గాలన్‌కు 30 మైళ్లు ఇచ్చే కారు, గాలన్ గ్యాస్ 3 డాలర్లు అనుకుందాం. మైలుకు గ్యాస్ ఖర్చు 10 సెంట్లు. 2025 నాటి 70 సెంట్లలో కారు విలువ తరుగుదల కింద ఐఆర్ఎస్ లెక్కగట్టిందే 33 సెంట్లు. అంటే గ్యాస్ కంటే మూడు రెట్లు ఎక్కువ. మిగతాది టైర్లు, ఆయిల్, బ్రేకులు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్. గ్యాస్ బిల్లు ప్రతి వారం చేతికొస్తుంది కాబట్టి కంటికి కనబడుతుంది. తరుగుదల కారు అమ్మేరోజు ఒక్కసారిగా కనబడుతుంది. ఏడాదికి 10,000 మైళ్లు కంపెనీ కోసం తిరిగితే మూడేళ్లకు ఓడోమీటర్ మీద 30,000 మైళ్లు అదనంగా ఎక్కుతాయి. కొనేవాడు ముందు చూసేది ఆ అంకెనే. గ్యాస్ కార్డు ఒక్కటి చేతికిచ్చి ఊరుకునే కంపెనీ, మిగతా ఖర్చంతా ఉద్యోగి కారులోంచి లాక్కుంటున్నట్టే.

నెలకు 500 డాలర్ల అలవెన్స్

మన దగ్గర జీతంలో కన్వేయన్స్ అలవెన్స్ అని ఒక గీత ఉండటం అలవాటే. అందుకే ఇక్కడ మనవాళ్లు నడిపే చిన్న కంపెనీల్లో కూడా "నెలకు 500 కారు అలవెన్స్" అని ఆఫర్ లెటర్‌లో రాసేయడం తేలికగా జరిగిపోతుంది. లెక్క అడగకుండా ఇచ్చే ఆ డబ్బు పన్ను దృష్టిలో అచ్చంగా జీతమే.

ఏడాదికి 6,000 డాలర్ల అలవెన్స్ తీసుకుందాం. 22 శాతం ఫెడరల్ శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఆ 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి 7.65 శాతం, మొత్తం 29.65 శాతం పోతుంది. రాష్ట్ర పన్ను లేని టెక్సస్‌లో కూడా 1,779 డాలర్లు పోయి 4,221 మిగులుతాయి. కంపెనీ తన వంతు 7.65 శాతం కింద మరో 459 డాలర్లు కడుతుంది. ఇదే ఉద్యోగి ఏడాదికి 10,000 మైళ్లు తిరిగితే, మైలుకు 60 సెంట్ల చొప్పున లెక్క చూపించి అదే 6,000 తీసుకోవచ్చు. రేటు ఐఆర్ఎస్ హద్దు లోపలే ఉంది కాబట్టి ఒక్క సెంటు పన్ను ఉండదు, డబ్ల్యూ-2లో కనబడదు కూడా. ఇద్దరి మధ్య కలిపి 2,238 డాలర్లు మిగిలాయి. ఖర్చయిందల్లా వారానికి పది నిమిషాల రాత పని.

ఆ రాత పనికి పన్ను చట్టం పెట్టిన పేరు అకౌంటబుల్ ప్లాన్. పేరు పెద్దదిగా ఉన్నా అందులో ఉన్నవి మూడు షరతులు. ఖర్చు కంపెనీ పని కోసమే అయ్యుండాలి. తగిన సమయంలో లెక్క చూపాలి. లెక్కకు మించి తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. "తగిన సమయం" అంటే ఎంత అనే వాదన రాకుండా ఐఆర్ఎస్ గడువులు చెప్పింది: అడ్వాన్స్ ఇస్తే ఖర్చుకు 30 రోజుల లోపే ఇవ్వాలి, ఖర్చయిన 60 రోజుల్లో లెక్క ఇవ్వాలి, మిగులును 120 రోజుల్లో వాపసు చేయాలి. జనవరిలో తిరిగిన మైళ్లను జూన్‌లో పోగుచేసి ఇస్తే కంపెనీ డబ్బు ఇవ్వవచ్చు గానీ, ఆ గడువుల రక్షణ పోతుంది, దాన్ని జీతంగా లెక్కగట్టే ప్రమాదం ఉంటుంది.

రేటు ఐఆర్ఎస్ హద్దు దాటితే? 2026లో మైలుకు 80 సెంట్లు ఇచ్చే కంపెనీ ఉందనుకోండి. పైనున్న 7.5 సెంట్లు జీతం కింద పన్నుకు వస్తాయి, హద్దులోని 72.5 సెంట్లు డబ్ల్యూ-2లో 12వ పెట్టెలో ఎల్ అనే కోడ్‌తో కనబడతాయి. ఆ కోడ్ చూసి కంగారు పడనక్కర్లేదు, ఆ భాగం మీద పన్ను లేదు.

చిన్న కంపెనీల్లో ఎక్కువగా దెబ్బతినేది పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో. మైలేజీని "రీయింబర్స్‌మెంట్" గీతలో వేయాల్సింది పోయి "అలవెన్స్" అనే ఎర్నింగ్ కోడ్ కింద వేస్తారు. లాగ్ (మైళ్ల నమోదు పట్టిక) ఎంత శుభ్రంగా ఉన్నా ఆ ఒక్క తప్పుతో పన్ను కోత పడిపోతుంది. మొదటి క్లెయిము డబ్బు వచ్చాక పే స్టబ్ (జీతం చీటీ) తెరిచి చూడండి: ఆ మొత్తం గ్రాస్ జీతంలో కలిసి ఉంటే వెంటనే చెప్పి సరిచేయించుకోవాలి. డబ్ల్యూ-2 వచ్చాక సరిదిద్దడం డబ్ల్యూ-2సీ అనే సవరణ పత్రం దాకా పోతుంది.

ఇంకో పోకడ ఉంది, దాన్ని మాత్రం గట్టిగా కాదనాలి. 1,00,000 జీతం మాట్లాడుకుని, "90,000 జీతం, 10,000 మైలేజీ అని చూపిద్దాం, ఇద్దరికీ పన్ను మిగులుతుంది" అనడం. మైళ్లు తిరిగినా తిరగకపోయినా ఆ 10,000 రావడం ఖాయమైతే అది పేరు మార్చిన జీతమే. ఐఆర్ఎస్ 2012లో రెవెన్యూ రూలింగ్ 2012-25లో ఇలాంటి ఏర్పాట్లను ఉదాహరణలతో సహా తోసిపుచ్చింది. అలాంటప్పుడు పన్ను పడేది ఆ ఒక్క ఉద్యోగికే కాదు, ఆ ప్లాన్ కింద అందరికీ ఇచ్చిన డబ్బు మీదా పడే అవకాశం ఉంది.

ఇంటి నుంచి ఆఫీసుకు తిరిగింది పని కాదు

అన్నింటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. ఇంటి నుంచి రోజూ వెళ్లే ఆఫీసుకు ఎంత దూరమైనా అది సొంత ప్రయాణం. 60 మైళ్లైనా అంతే, దారిలో ఫోన్‌లో మీటింగ్ చేసినా అంతే. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేస్తాం కాబట్టి మిగతా రెండు రోజుల ఆఫీసు ప్రయాణం వ్యాపార మైళ్లే అనుకునేవాళ్లూ ఉన్నారు. కంపెనీ ఆఫీసులో మీకు చోటు ఉండి, మీ సౌకర్యం కోసం ఇంట్లో పనిచేస్తున్నారంటే, ఆ రెండు రోజుల ప్రయాణం మామూలు కమ్యూటే, అంటే ఇంటికీ పని చోటికీ మధ్య సొంత ప్రయాణమే.

మరి ఏవి లెక్కలోకి వస్తాయి? ఆఫీసు నుంచి క్లయింటు దగ్గరికి, ఒక క్లయింటు నుంచి ఇంకో క్లయింటుకు, బ్యాంకుకు, పోస్టాఫీసుకు కంపెనీ పని మీద వెళ్లినవి అన్నీ వస్తాయి. రోజూ వెళ్లే ఆఫీసు ఒకటి ఉండి, కొన్నాళ్ల కోసం ఇంకో చోటికి ఇంటి నుంచే నేరుగా వెళ్తే, ఆ ఇంటి ప్రయాణం కూడా వస్తుంది. ఇల్లే అసలైన పని స్థలమైతే, అక్కడి నుంచి ఏ పని చోటికి వెళ్లినా వస్తుంది.

ఉదాహరణకు టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు, ప్లేనోలో ఆఫీసు, ఇర్వింగ్‌లో మూడు నెలల క్లయింటు పని. పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకు 12 మైళ్లు: రావు. ఆఫీసు నుంచి ఇర్వింగ్‌కు 24: వస్తాయి. సాయంత్రం ఇర్వింగ్ నుంచి నేరుగా ఇంటికి 28: ఇవీ వస్తాయి, ఎందుకంటే అది తాత్కాలిక చోటు నుంచి ఇంటికి ప్రయాణం. మొత్తం 52 మైళ్లు. దారిలో ఇండియన్ గ్రోసరీ కోసం 5 మైళ్లు పక్కకు తిరిగితే ఆ 5 తీసేయాలి. చాలా కంపెనీలు తమ పాలసీలో రోజువారీ కమ్యూట్ దూరాన్ని తగ్గించి ఇస్తాయి. అది పన్ను నియమం కాదు, కంపెనీ పెట్టుకున్న నియమం. పన్ను చట్టం కంటే కంపెనీ బిగుతుగా ఉండవచ్చు, వదులుగా ఉంటే మాత్రం ఆ తేడా మీద పన్ను పడుతుంది.

"తాత్కాలికం" అనే మాటకు హద్దు ఏడాది. ఆ చోట పని ఏడాది లోపు అయిపోతుందని నిజంగా అనుకుని, నిజంగానే అయిపోవాలి. ఐటీ కాంట్రాక్టుల్లో ఈ నియమం తెలియకుండానే తగులుతుంది. ఫిబ్రవరిలో ఆరు నెలలకని మొదలైన ప్రాజెక్టుకు జూలైలో మరో తొమ్మిది నెలల ఎక్స్‌టెన్షన్ వచ్చిందనుకోండి, మొత్తం పదిహేను నెలలు. ఎక్స్‌టెన్షన్ తెలిసిన రోజు వరకు తిరిగిన మైళ్లకు ఢోకా లేదు. ఆ రోజు నుంచి ఇంటికీ క్లయింటుకీ మధ్య ప్రయాణం కమ్యూట్ అయిపోయింది, ఏడాది ఇంకా నిండకపోయినా సరే. దీనికి తిరగేసి, పద్దెనిమిది నెలలని మొదలుపెట్టిన పని ఐదో నెలలో ఆగిపోయినా ఆ ఐదు నెలలు తాత్కాలికం కిందికి రావు. లెక్క ఆ మైళ్లు తిరిగిన నాటికి ఉన్న అంచనాతోనే. అందుకే పర్చేజ్ ఆర్డర్, ఎక్స్‌టెన్షన్ మెయిల్ రెండూ తేదీలతో సహా మైలేజీ ఫైల్లో పెట్టుకోవాలి.

కన్సల్టెన్సీల్లో పనిచేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కన్సల్టెన్సీ ఆఫీసు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఉద్యోగి ఉండేది ఫ్రిస్కోలో, పనిచేసేది ఇర్వింగ్ క్లయింటు దగ్గర మాత్రమే. ఇతనికి రోజూ వెళ్లే వేరే ఆఫీసు లేదు, క్లయింటు చోటు తను ఉండే మహానగర పరిధిలోనే ఉంది. అప్పుడు ప్రాజెక్టు ఆరు నెలలదే అయినా ఇంటి నుంచి క్లయింటుకు తిరిగిన మైళ్లు కమ్యూటే. కన్సల్టెన్సీ మైలేజీ ఇస్తానన్నంత మాత్రాన అది పన్ను లేని డబ్బు అవదు.

లాగ్‌లో ఏం ఉండాలి

ఒక్కో ప్రయాణానికి నాలుగు విషయాలు: తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మైళ్లు, ఏ పని. ఒక మంచి నమోదు ఇలా ఉంటుంది: "2026 మార్చి 10. ప్లేనో ఆఫీసు నుంచి ఇర్వింగ్ క్లయింటు ఆఫీసు. ఓడోమీటర్ 48,212 నుంచి 48,236. 24 మైళ్లు. సర్వర్ మార్పిడికి ముందు నెట్‌వర్క్ తనిఖీ." ఇందులో చివరి ముక్కను ఎక్కువమంది "మీటింగ్" అని ఒక్క మాటతో వదిలేస్తారు. ఎవరితో, దేనికి అన్నది లేని మీటింగ్ ఆడిట్‌లో మొదట ఎగిరిపోతుంది.

ప్రయాణం జరిగిన వెంటనే, లేదా వారం లోపు రాసిన లాగ్‌కే విలువ. వారానికోసారి శుక్రవారం సాయంత్రం కూర్చుని క్యాలెండర్ పక్కన పెట్టుకుని నింపితే చాలు. ఏడాది చివర్లో ఒక్క రోజులో నింపిన లాగ్ చూడగానే తెలిసిపోతుంది: అన్నీ 20, 30, 50 లాంటి గుండ్రటి అంకెలు, ఒకే చేతిరాత, ఒకే పెన్ను, మధ్యలో క్లయింటు సెలవు రోజున కూడా క్లయింటు దగ్గరికి వెళ్లినట్టు నమోదు. ఆయిల్ మార్చిన బిల్లు మీద, టైర్లు వేసిన బిల్లు మీద ఆ రోజు ఓడోమీటర్ అంకె ఉంటుంది. లాగ్ ప్రకారం మార్చిలో 48,000 ఉన్న కారు ఏప్రిల్ సర్వీసు బిల్లులో 46,500 చూపిస్తే, లాగ్ మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు.

జనవరి 1న, డిసెంబర్ 31న ఓడోమీటర్ ఫోటో తీసి పెట్టుకోండి. ఏడాది మొత్తం తిరిగిన మైళ్లు తెలిస్తేనే అందులో పని వాటా ఎంతో చెప్పగలం.

మైల్‌ఐక్యూ, ఎవర్‌లాన్స్ లాంటి ఫోన్ యాప్‌లు పని తగ్గిస్తాయి గానీ, గుడ్డిగా నమ్మితే అవీ ముంచుతాయి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే లొకేషన్ ఆగిపోయి ప్రయాణం సగమే నమోదవుతుంది. "పని వేళల్లో జరిగినవన్నీ వ్యాపారం" అని ఆటోమేటిక్ నియమం పెడితే, మధ్యాహ్నం భోజనానికి వెళ్లింది, పిల్లాణ్ణి స్కూల్ నుంచి తెచ్చింది, అన్నీ వ్యాపార మైళ్లలో కలిసిపోతాయి. కొలీగ్ కారులో పక్క సీట్లో కూర్చుని వెళ్లినా మీ ఫోన్ దాన్ని మీ ప్రయాణంగా రాస్తుంది. ఒక కారుకు మైలేజీ ఒక్కరికే, నడిపిన కారు ఎవరిదో వాళ్లకే. వారానికోసారి యాప్ తెరిచి ఒక్కో ప్రయాణానికీ పని ఏమిటో రాయకపోతే అది దూరాల పట్టిక మాత్రమే.

రేటు ఏ రోజు తిరిగారో ఆ రోజుది వర్తిస్తుంది, డబ్బు చేతికొచ్చిన రోజుది కాదు. డిసెంబర్ మైళ్లను జనవరిలో క్లెయిము చేసినా పాత రేటే. 2022లో అయితే ఏడాది మధ్యలోనే మారింది: జూన్ 30 వరకు 58.5 సెంట్లు, జూలై 1 నుంచి 62.5.

మైలు రేటు మీద అదనంగా రాబట్టుకోదగ్గవి పార్కింగ్, టోల్. అంతే. టోల్ ట్యాగ్ స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ, ఆ గేటు గుర్తుపెట్టి జత చేయాలి, ట్యాగ్‌లో 40 డాలర్లు నింపిన రశీదు పనికిరాదు. గ్యాస్, ఆయిల్ మార్పు, ఇన్సూరెన్స్, టైర్ పంక్చర్ అన్నీ మైలు రేటులోనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్ కూడా అంతే, పూర్తి మైలు రేటు ఇచ్చి ఛార్జింగ్ బిల్లు విడిగా ఇస్తే అది రెండుసార్లు ఇచ్చినట్టు. స్పీడింగ్ టికెట్, పార్కింగ్ జరిమానా ఎవరివి వాళ్లే కట్టుకోవాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు

మనవాళ్లలో పెద్ద సంఖ్యలో ఈ వీసా మీద ఉన్నారు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. ఎల్‌సీఏలో (ఈ వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే దరఖాస్తులో) రాసిన జీతం పేరోల్‌లో జీతంగా, పన్ను కోతలతో కనబడాలి. మైలేజీ డబ్బును అందులో కలిపి "మొత్తం అంతే వచ్చింది కదా" అనడానికి వీల్లేదు. అలాగే కంపెనీ వ్యాపార ఖర్చును ఉద్యోగి నెత్తిన వేసి, దానివల్ల జీతం ఎల్‌సీఏ స్థాయి కంటే కిందికి పడితే, లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కలో అది అనుమతి లేని కోత. కంపెనీ పనికి సొంత కారులో తిప్పించి పైసా ఇవ్వని చోట, జీతం సరిగ్గా ఎల్‌సీఏ గీత మీదే ఉంటే ఈ విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ఎల్‌సీఏలో లేని ఊరికి కొద్దిరోజులు పంపితే, షార్ట్ టర్మ్ ప్లేస్‌మెంట్ నియమం కింద ఏడాదికి 30 పనిదినాల వరకు వీలుంది. అసలు చోట ఆఫీసు, ఇల్లు అలాగే ఉంచుకుని అక్కడ తగినంత సమయం గడిపేవాళ్లకు 60 వరకు. ఆ రోజుల్లో బస, ప్రయాణం, భోజనం ఖర్చులు కంపెనీయే పెట్టుకోవాలి, పని లేని శనాదివారాలకు కూడా. అంతకు మించి మహానగర పరిధి దాటి పని చోటు మారితే సవరించిన హెచ్-1బీ పిటిషన్ వేయాల్సిందే, సిమియో సొల్యూషన్స్ అనే కంపెనీ కేసులో 2015లో ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చిన నిర్ణయం దాన్ని ఖాయం చేసింది. మైలేజీ రిపోర్టు ఇక్కడ సాక్ష్యం అవుతుంది. పిటిషన్‌లో ఒక అడ్రసు, నెలల తరబడి మైలేజీ క్లెయిముల్లో మరో మహానగరం అడ్రసు ఉంటే, ఆ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కాదంటాయి. అడ్రసు మార్చి రాయడం దీనికి మందు కాదు. పిటిషన్ సరిచేయించుకోవాలి.

ఏ రాష్ట్రంలో ఉన్నారు

కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 2802వ సెక్షన్ ప్రకారం పని కోసం పెట్టిన అవసరమైన ఖర్చంతా కంపెనీ ఇచ్చి తీరాలి. అసలు ఖర్చు లెక్కగట్టి ఇవ్వొచ్చు, మైలు రేటు ఇవ్వొచ్చు, ఏకమొత్తం కూడా ఇవ్వొచ్చని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2007లో గటూసో కేసులో చెప్పింది. అయితే ఏకమొత్తం నిజమైన ఖర్చుకు సరిపోవాలి, జీతంలో కలిసిపోకుండా విడిగా గుర్తించేలా ఉండాలి, చాలకపోతే ఉద్యోగి అడిగే హక్కు ఉండాలి. ఇల్లినాయిలో 2019 జనవరి 1 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. అక్కడ ఖర్చయిన 30 రోజుల్లో కాగితాలతో సహా అడగాలి, కంపెనీ పాలసీ ఎక్కువ గడువిస్తే తప్ప. మసాచుసెట్స్‌లో పనిరోజు మధ్యలో ఒక చోటి నుంచి మరో చోటికి పంపితే ఆ ప్రయాణ ఖర్చు, ఆ సమయానికి జీతం రెండూ ఇవ్వాలి. టెక్సస్‌లో ఇలాంటి సాధారణ చట్టం లేదు, అక్కడ ఆఫర్ లెటర్‌లో రాయించుకున్నదే దిక్కు.

రాష్ట్రం ఏదైనా తప్పనిది కనీస వేతనం. హోమ్ హెల్త్ ఏజెన్సీలు, రెస్టారెంట్ డెలివరీ పెట్టుకున్నవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోవాలి. గంటకు 9 డాలర్ల మీద వారానికి 30 గంటలు పనిచేసే మనిషికి 270 డాలర్లు. ఫెడరల్ కనీస వేతనం 7.25 చొప్పున 30 గంటలకు 217.50. ఆ వారం సొంత కారులో 200 మైళ్లు తిరిగి, మైలుకు నిజమైన ఖర్చు 40 సెంట్లయితే 80 డాలర్లు కారుకే పోయాయి. మిగిలింది 190. కనీస వేతనానికి 27.50 డాలర్లు తక్కువ, మైలేజీ ఇవ్వని యజమాని చట్టం తప్పినట్టే. ఒక పేషెంటు ఇంటి నుంచి ఇంకో పేషెంటు ఇంటికి వెళ్లే సమయం పని సమయం కూడా. మైలేజీ ఇచ్చాం కాబట్టి ఆ గంటకు జీతం అక్కర్లేదు అనడం కుదరదు, అవి రెండు వేర్వేరు బాకీలు.

ఇన్సూరెన్స్

యాక్సిడెంట్ కంపెనీ పని మీద ఉండగా జరిగినా ముందు కదిలేది కారు యజమాని పాలసీయే. కంపెనీ తనవి కాని కార్ల వాడకానికి తీసుకునే హైర్డ్ అండ్ నాన్-ఓన్డ్ ఆటో పాలసీ కంపెనీ మీదికి వచ్చే దావాల కోసం. అది మీ బంపర్ బాగుచేయదు. పాలసీ తీసుకునేటప్పుడు కారు వాడకం "కమ్యూట్" అని రాసి, నిజానికి రోజూ క్లయింట్ల చుట్టూ తిరుగుతుంటే, ఏజెంటుకు ఫోన్ చేసి "బిజినెస్ యూజ్"కి మార్పించాలి. ప్రీమియం కొంత పెరగవచ్చు, ఆ పెరుగుదల మైలు రేటులోంచే రావాలి. డబ్బు తీసుకుని మనుషుల్ని చేరవేయడం, ఫుడ్ డెలివరీ లాంటివి మామూలు పర్సనల్ పాలసీల్లో తరచూ మినహాయించి ఉంటాయి, దానికి విడి కవరేజీ కావాలి.

టెక్సస్‌లో చట్టం అడిగే కనీస లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇచ్చే కవరేజీ) 30/60/25, అంటే ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. రోడ్డు మీద తిరిగే కొత్త కార్ల ధరలు చూస్తే ఆ 25,000 ఏ మూలకూ చాలదు. మైలేజీ ఇచ్చే కంపెనీ ఉద్యోగి నుంచి కనీసం 100/300/50 పాలసీ పేజీ, చెల్లుబాటయ్యే లైసెన్సు కాపీ ఏటా అడిగి తీసుకోవడం ఉత్తమం.

సొంతంగా కంపెనీ పెట్టుకున్నవాళ్లు

ఒక్కరే నడిపే ఎస్-కార్ప్ (లాభం మీద పన్ను యజమాని రిటర్నులోనే పడే తరహా కంపెనీ) ఉన్నవాళ్లు తమ కంపెనీకి తామే ఉద్యోగులు. కారు సొంత పేరు మీద ఉంటే మైళ్లను వ్యక్తిగత రిటర్నులో తగ్గించుకోవడం కుదరదు, కంపెనీయే అకౌంటబుల్ ప్లాన్ కింద తిరిగి ఇవ్వాలి. ఒక పేజీ ప్లాన్ రాసి, సంతకం చేసి, తేదీ వేసి కంపెనీ రికార్డుల్లో పెట్టాలి. నెలనెలా లాగ్ కంపెనీకి ఇచ్చినట్టు పెట్టి, కంపెనీ ఖాతా నుంచి సొంత ఖాతాకు ఆ మొత్తం సరిగ్గా సెంట్లతో సహా పంపాలి. కంపెనీ ఖాతా నుంచి గుండ్రంగా 1,000 తీసుకుని తర్వాత మైలేజీ అని పేరు పెడితే అది నిలబడదు. వాటా 10 శాతం దాటితే, కంపెనీకి లెక్క ఇచ్చినా సరే, ఐఆర్ఎస్ అడిగినప్పుడు అదే లెక్క మళ్లీ చూపగలగాలి.

1099 మీద, అంటే ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా, పనిచేసేవాళ్ల దారి వేరు, వాళ్లు రిటర్నులో సొంత వ్యాపారం లెక్క చూపే షెడ్యూల్ సీలో తామే తగ్గించుకుంటారు. ఒక్క జాగ్రత్త: సొంత కారుకు మైలు రేటు పద్ధతి వాడాలనుకుంటే, ఆ కారును వ్యాపారంలో పెట్టిన మొదటి ఏడాదే వాడాలి. తర్వాతి ఏళ్లలో అసలు ఖర్చుల పద్ధతికి మారవచ్చు. మొదటి ఏడాదే అసలు ఖర్చులతో వెళ్తే, ఆ కారుకు మైలు రేటు ఇక దొరకదు. లీజు కారుకు మైలు రేటు ఎంచుకుంటే లీజు అయ్యేదాకా అదే.

డిసెంబర్‌లో తిరిగిన మైళ్లకు 60 రోజుల గడువు జనవరి చివర నుంచి మార్చి 1 దాకా ఒక్కో తేదీకి ఒక్కోరకంగా ముగుస్తుంది. డిసెంబర్ 31న తిరిగినదానికి మార్చి 1, డిసెంబర్ 5న తిరిగినదానికి ఫిబ్రవరి 3. సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు టికెట్ తేదీకి ముందే ఆ క్లెయిము పంపేసి వెళ్లడం మంచిది.